సిలికాన్ మీద సెంటు జాగా

1979 డిసెంబరు. అమెరికాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ పరిశోధన కేంద్రానికి ఆర్పానెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు వచ్చి పడుతున్నాయి. అది ఇంటర్నెట్ ఇంకా పుట్టని కాలం. ఫైళ్లు పంపుతున్నవాళ్లు పన్నెండు విశ్వవిద్యాలయాల విద్యార్థులు, అధ్యాపకులు. ఒక్కో ఫైల్లో ఒక్కో చిప్ బొమ్మ. గీసినవాళ్లలో చాలామందికి అదే తొలి చిప్. వచ్చిన 82 డిజైన్లనూ పక్కపక్కనే పేర్చి, మాస్కులు చేయించి, హ్యూలెట్-ప్యాకార్డ్ ప్రయోగశాలలో తయారు చేయించారు. గడువు ముగిసిన 29 రోజులకల్లా తీగలు అతికించి డబ్బీల్లో పెట్టిన చిప్‌లు సిద్ధమయ్యాయి.

ఆ రోజుల్లో ఇది ఊహకందని సంగతి. చిప్ గీయడం అంటే ఇంటెల్, మోటరోలా, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వంటి కంపెనీల లోపలి వ్యవహారం. ఏ గీత ఎంత వెడల్పు ఉండాలి, ఏ పొరకూ ఏ పొరకూ మధ్య ఎంత ఎడం ఉండాలి అన్నది ఫ్యాక్టరీ గుట్టు. సర్క్యూట్ తెలిసినవాడికి ఫ్యాక్టరీ తెలియదు, ఫ్యాక్టరీ తెలిసినవాడికి కంప్యూటర్ నిర్మాణం తెలియదు. రెండూ తెలిసిన కొద్దిమందీ కంపెనీ జీతగాళ్లు.

ఈ గోడను కూల్చినవాళ్లు ఇద్దరు. ఒకరు కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రొఫెసర్ కార్వర్ మీడ్. రెండోవారు జిరాక్స్‌లో ఇంజనీరు లిన్ కాన్వే. కాన్వే జీవితమే ఒక నవల. 1960లలో ఐబీఎం సూపర్ కంప్యూటర్ ప్రాజెక్టులో ఉండగా, ప్రాసెసర్ తనకొచ్చిన ఆదేశాల వరస మార్చుకుని ఒకేసారి అనేకం నడిపించే పద్ధతిని ఆమె కనిపెట్టింది. పుట్టినప్పుడు మగపిల్లవాడిగా నమోదైన ఆమె స్త్రీగా మారబోతున్నానని చెప్పేసరికి, 1968లో ఐబీఎం ఉద్యోగం ఊడపీకింది. కొత్త పేరుతో, వెనకటి ఘనత ఏదీ చెప్పుకునే వీల్లేకుండా, మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కి ఆమె జిరాక్స్ చేరింది. ఐబీఎం క్షమాపణ చెప్పేనాటికి 2020 వచ్చింది. 2024లో ఆమె కన్నుమూసింది.

మీడ్, కాన్వే చేసిన పని చెప్పడానికి తేలిక. ఫ్యాక్టరీల లావుపాటి నియమావళిని కొద్ది పేజీలకు కుదించారు. కొలతలన్నిటినీ లాంబ్డా అనే ఒకే ప్రమాణానికి రెట్లుగా చెప్పారు. రేపు ఫ్యాక్టరీ ఇంకా సన్నటి గీత గీయగలిగితే లాంబ్డా విలువ తగ్గించుకుంటే సరిపోతుంది, బొమ్మ మారదు. 1978లో కాన్వే ఎంఐటీకి వెళ్లి ఈ పద్ధతి మీద పాఠం చెప్పింది. విద్యార్థులు గీసినవి నిజంగానే చిప్‌లై తిరిగొచ్చాయి. మరుసటి ఏడాది అదే పాఠం, అదే ఏర్పాటు పన్నెండు చోట్లకు పాకింది. పాఠ్యపుస్తకం 1980లో అచ్చయింది.

ఆ 82 డిజైన్లలో ఒకటి స్టాన్‌ఫర్డ్ అధ్యాపకుడు జిమ్ క్లార్క్‌ది. త్రిమితీయ బొమ్మల లెక్కలను వేగంగా చేసే జామెట్రీ ఇంజన్ అది. దాని పునాది మీదే సిలికాన్ గ్రాఫిక్స్ కంపెనీ లేచింది. ‘జురాసిక్ పార్క్’ సినిమాలో కంప్యూటర్ సృష్టించిన డైనోసార్లు ఆ కంపెనీ యంత్రాల మీదే ప్రాణం పోసుకున్నాయి.

బొమ్మ నుంచి రాయి దాకా

చిప్ డిజైన్ ఎందుకంత మందికి అందకుండా పోయిందో అర్థం కావాలంటే, ఆ పని ఎలా సాగుతుందో చూడాలి.

మొదట ఇంజనీరు చిప్ ఏం చేయాలో రాస్తాడు. వెరిలాగ్ అనే భాషలో రాసే ఈ వివరణ చూడటానికి ప్రోగ్రాంలాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, ఇందులో ప్రతి వాక్యమూ ఒక తీగో, ఒక గేటో అవుతుంది. అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఆ రాతను సింథసిస్ సాఫ్ట్‌వేర్ లాజిక్ గేట్ల వలగా మారుస్తుంది. మరో సాఫ్ట్‌వేర్ ఆ గేట్లను సిలికాన్ మీద ఎక్కడెక్కడ కూర్చోబెట్టాలో తేల్చి, వాటి మధ్య లోహపు తీగలను పొరలు పొరలుగా నడిపిస్తుంది. సంకేతం ఒక చివరి నుంచి మరో చివరికి సమయానికి చేరుతోందా? తీగలు మరీ దగ్గరైపోయాయా? గీసిన బొమ్మా, రాసిన సర్క్యూట్టూ ఒకటేనా? ఈ పరీక్షలన్నీ దాటాక మిగిలేది జీడీఎస్ అనే ఫైలు. దాన్ని ఫ్యాక్టరీకి పంపడాన్ని ఈ రంగంలో టేపౌట్ అంటారు. ఒకప్పుడు ఆ ఫైలు మాగ్నెటిక్ టేపు మీద వెళ్లేది. టేపు పోయినా పేరు మిగిలింది.

ఈ దారిలో అడ్డంకులు మూడు.

మొదటిది పనిముట్లు. సినాప్సిస్, కేడెన్స్, సీమెన్స్ ఈడీఏ అనే మూడు కంపెనీలు డిజైన్ సాఫ్ట్‌వేర్ మార్కెట్టును ఏలుతున్నాయి. వాణిజ్య లైసెన్సుల ఖరీదు ఒక చిన్న స్టార్టప్ నడుం విరిచేంత. కళాశాలలకు రాయితీ ఉన్నా దాని వెంట షరతులూ ఉంటాయి.

రెండోది పీడీకే, అంటే ఫ్యాక్టరీ ఇచ్చే డిజైన్ వివరాల కట్ట. ఒక ఫ్యాక్టరీలో తయారయ్యే ట్రాన్సిస్టర్ ఏ వోల్టేజీ దగ్గర ఎలా ప్రవర్తిస్తుంది, గీతల మధ్య కనీస దూరం ఎంత, సిద్ధంగా వాడుకోదగిన గేట్ల బొమ్మలేవి అన్నవన్నీ అందులో ఉంటాయి. పీడీకే లేకుండా గీసిన చిప్ కాగితం మీదే ఉండిపోతుంది. కానీ దాన్ని చూడాలంటే ఫ్యాక్టరీతో రహస్య ఒప్పందం మీద సంతకం పెట్టాలి. సంతకం పెట్టినవాడు తన డిజైన్‌ను నలుగురితో పంచుకోలేడు, క్లాసులో బోర్డు మీద గీసి చూపలేడు.

మూడోది మాస్కుల ఖర్చు. చిప్‌లో ప్రతి పొరకూ ఒక మాస్కు కావాలి. ఫోటో నెగెటివ్ ఒకటే అయినా ప్రింట్లు ఎన్నైనా తీసుకోగలిగినట్టు, మాస్కుల కట్ట ఒకసారి చేతికొస్తే చిప్‌లు కోట్లలో తీయవచ్చు. వచ్చిన తిప్పలల్లా ఆ మొదటి కట్టతోనే. పాత తరం టెక్నాలజీలోనే దాని ధర లక్షల డాలర్లు. కొత్త తరాల్లో డిజైన్ ఖర్చు మొత్తం కలిపితే గుండె ఆగే అంకెలు వస్తాయి. 5 నానోమీటర్ల చిప్ ఒకటి రూపొందించడానికి 50 కోట్ల డాలర్లు దాటుతుందని ఐబీఎస్ అనే పరిశ్రమ విశ్లేషణ సంస్థ అంచనా. 28 నానోమీటర్లకు అదే సంస్థ చెప్పిన అంకె సుమారు 5 కోట్ల డాలర్లు.

ఒకే వేఫర్, నూరు పేర్లు

మూడో అడ్డంకికి మందు 1979లోనే దొరికింది. వేఫర్ అనే ఒకే సిలికాన్ పళ్లెం మీద అనేకమంది డిజైన్లు పేర్చి, మాస్కుల ఖర్చు అందరూ పంచుకోవడం. అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డబ్బుతో 1981లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మోసిస్ అనే సేవ ఇందుకోసమే మొదలైంది. నిర్ణీత తేదీలకు అది విద్యార్థుల, పరిశోధకుల డిజైన్లను పోగేసి ఫ్యాక్టరీకి పంపేది. ఇలా కలిపి పంపే విడతను షటిల్ అంటారు.

ఫలితాలు తిరుగులేనివి. ఆదేశాల సంఖ్య తగ్గించి, ప్రాసెసర్‌ను సరళంగా కట్టాలన్న రిస్క్ ఆలోచన బర్కిలీలో డేవిడ్ ప్యాటర్సన్ విద్యార్థుల చేతుల్లో, స్టాన్‌ఫర్డ్‌లో జాన్ హెనెసీ విద్యార్థుల చేతుల్లో రూపం దిద్దుకుంది. బర్కిలీ బృందం 1982 నాటికి చేసిన రిస్క్-1లో ఉన్నవి 44 వేల పైచిలుకు ట్రాన్సిస్టర్లే. పట్టుమని పదిమంది విద్యార్థులు గీసిన ఇలాంటి చిప్‌లు పెద్ద కంపెనీల ప్రాసెసర్లతో పోటీకి నిలిచాయి. ఆ ఇద్దరు ప్రొఫెసర్లకూ 2017 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

మిగతా దేశాలూ ఇదే దారిలో కదిలాయి. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ కేంద్రంగా సీఎంపీ, కెనడాలో 1984లో సీఎంసీ, కొరియాలో 1995లో ఐడెక్, జపాన్‌లో 1996లో వీడెక్ వచ్చాయి. తైవాన్‌లో మోరిస్ చాంగ్ 1987లో టీఎస్‌ఎంసీ స్థాపించి, సొంత చిప్‌లు గీయకుండా ఇతరుల డిజైన్లను మాత్రమే తయారుచేసే ఫ్యాక్టరీ అనే వ్యాపారాన్ని నిలబెట్టాడు. ఫ్యాక్టరీ లేని చిప్ కంపెనీలు విరివిగా పుట్టడానికి అదే దారి చూపింది.

అయితే గీతలు సన్నబడేకొద్దీ నియమాలు మళ్లీ లావెక్కాయి. లాంబ్డాతో పని జరిగే రోజులు పోయాయి. పీడీకేలు రహస్య ఒప్పందాల వెనక్కి చేరాయి. పనిముట్లు కంపెనీల సొత్తయ్యాయి. 2000 తర్వాత సాఫ్ట్‌వేర్ రంగంలో లినక్స్ లాంటి స్వేచ్ఛా ప్రాజెక్టులు ప్రపంచాన్ని ఏలుతుంటే, చిప్ రంగంలో ఆసక్తి ఉన్న విద్యార్థికి మిగిలింది ఎఫ్‌పీజీఏ ఒక్కటే. లోపలి తీగలను మనకు కావలసినట్టు అమర్చుకోగల రెడీమేడ్ చిప్ అది. నేర్చుకోవడానికి భేషుగ్గా పనికొస్తుంది. సొంత సిలికాన్ మాత్రం కాదు.

వేసవి పనిగా మొదలైన భాష

2010 మే నెలలో బర్కిలీలో క్రెస్టే అసనోవిచ్, ఆయన విద్యార్థులు ఆండ్రూ వాటర్‌మన్, యున్సప్ లీ ఒక చిక్కులో పడ్డారు. వాళ్ల పరిశోధనకు ఒక ప్రాసెసర్ ఆదేశాల పట్టిక కావాలి. ఇంటెల్ ఎక్స్86 వాడుకునే వీల్లేదు, ఆర్మ్‌కు లైసెన్స్ కావాలి. మూడు నెలల వేసవి పనిలే అనుకుని సొంత పట్టిక ఒకటి మొదలుపెట్టారు. ప్యాటర్సన్ కూడా చేరాడు. బర్కిలీ వరసలో అయిదోది కాబట్టి దానికి రిస్క్-ఫైవ్ అని పేరు పెట్టారు. దాన్ని ఎవరైనా రుసుము లేకుండా వాడుకోవచ్చన్నారు.

2015లో దానికో ఫౌండేషన్ ఏర్పడింది. ఏ ఒక్క దేశపు వాణిజ్య ఆంక్షలకూ చిక్కకూడదని 2020లో అది స్విట్జర్లాండుకు మకాం మార్చింది. 2022 నాటికి వెయ్యి కోట్ల రిస్క్-ఫైవ్ కోర్లు మార్కెట్లోకి వెళ్లాయని ఆ సంస్థ ప్రకటించింది. డిస్క్ డ్రైవులు, ఇయర్‌ఫోన్లు, గ్రాఫిక్స్ కార్డుల లోపల కంటికి కనపడని చిన్న చిన్న పనులు చేసేవే వీటిలో ఎక్కువ.

ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయం తరచూ వినిపిస్తుంది. రిస్క్-ఫైవ్ ఉచితం కాబట్టి చిప్ కూడా ఉచితమేనని. రిస్క్-ఫైవ్ చెప్పేది ప్రాసెసర్‌కు ఏ ఆదేశాలు తెలియాలన్నది మాత్రమే. వాటిని నడిపించే సర్క్యూట్ ఎవరికి వారు గీసుకోవాలి లేదా కొనుక్కోవాలి. గీసినదాన్ని తయారు చేయించుకోవాలంటే పనిముట్లు, పీడీకే, మాస్కులు అనే పాత మూడు అడ్డంకులూ ఎప్పటిలాగే ఎదురుగా నిలబడి ఉన్నాయి.

పాత టెక్నాలజీ, కొత్త స్వేచ్ఛ

2020 జూన్ చివర్లో గూగుల్ ఇంజనీరు టిమ్ ఆన్సెల్ ఒక ప్రకటన చేశాడు. మిన్నెసోటా రాష్ట్రం బ్లూమింగ్టన్‌లో ఉన్న స్కైవాటర్ ఫ్యాక్టరీ తన 130 నానోమీటర్ల పీడీకేను బహిరంగంగా ప్రచురిస్తోంది. ఒప్పందాల్లేవు, సంతకాల్లేవు, ఎవరైనా దింపుకోవచ్చు. అంతటితో ఆగలేదు. డిజైన్‌ను కూడా బహిరంగంగా ఉంచితే, తయారీ ఖర్చు గూగుల్ భరిస్తుందన్నాడు.

130 నానోమీటర్లంటే ఇరవై ఏళ్ల నాటి సరుకు. అలాగని తీసిపారేయడానికి లేదు. 2002 ప్రాంతంలో ఇళ్లల్లో ఉన్న పెంటియం-4 ప్రాసెసర్లు ఆ కొలతవే, అయిదున్నర కోట్ల ట్రాన్సిస్టర్లతో నడిచాయి. సెన్సర్లకు, మోటార్ల నియంత్రణకు, విద్యుత్ సరఫరా చిప్‌లకు ఈ పాత కొలతలు ఈనాటికీ సరిపోతాయి. కోవిడ్ తర్వాతి కొరతలో ప్రపంచమంతటా కార్ల తయారీ కుంటుపడింది ముఖ్యంగా ఇలాంటి పాత తరం చిప్‌లు దొరకకే.

పనిముట్ల అడ్డంకి కూడా ఆ సమయానికి సడలింది. వియన్నాలో ఒక విద్యార్థి ప్రాజెక్టుగా మొదలైన యోసిస్ సింథసిస్ పని చేసేది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియేగోలో ఆండ్రూ కాంగ్ నాయకత్వంలో, డార్పా డబ్బుతో 2018లో మొదలైన ఓపెన్‌రోడ్ గేట్లను కూర్చోబెట్టి తీగలు నడిపేది. మనిషి చేయి పడకుండా 24 గంటల్లో లేఅవుట్ పూర్తి చేయడం దాని లక్ష్యం. గీసిన బొమ్మ నియమాలకు లోబడి ఉందో లేదో చూసేది మ్యాజిక్. 1980లలో బర్కిలీలో జాన్ ఔస్టర్‌హౌట్, ఆయన విద్యార్థులు రాసిన ఆ ప్రోగ్రాంను ఇన్నేళ్లూ ఎవరో ఒకరు మరమ్మతు చేసుకుంటూ వచ్చారు. ఈఫాబ్లెస్ అనే స్టార్టప్ వీటన్నిటినీ ఓపెన్‌లేన్ పేరుతో ఒక దారానికి గుచ్చింది.

2020 చివర్లో తొలి షటిల్ బయల్దేరింది. 40 జాగాలుంటే 45 డిజైన్లు వచ్చాయి. ఒక్కొక్కరికీ దొరికింది పది చదరపు మిల్లీమీటర్ల స్థలం. దాని చుట్టూ కారవెల్ అనే ఉమ్మడి చట్రం, అందులో చిప్‌ను బయటి ప్రపంచానికి కలిపే ఏర్పాట్లు. పంపినవాళ్లలో కరాచీలోని ఉస్మాన్ ఇన్‌స్టిట్యూట్ విద్యార్థులున్నారు. డిగ్రీ ఇంకా చేతికి రాని ఆ కుర్రవాళ్లు రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ ఉన్న ఇబ్తిదా అనే చిప్ గీశారు. చిప్ ఫ్యాక్టరీ అంటూ లేని దేశం నుంచి, లైసెన్సు రుసుం పైసా కట్టకుండా, ఒక కళాశాల ల్యాబ్ సిలికాన్ దాకా వెళ్లింది.

ఈ తొలి విడతల చరిత్రలో ఇబ్బందికరమైన పేజీ కూడా ఉంది. తిరిగొచ్చిన చిప్‌లలో ఉమ్మడి చట్రమే మొరాయించింది. గడియారపు సంకేతానికీ, డేటాకూ మధ్య ఉండవలసిన వ్యవధి కొన్నిచోట్ల తప్పింది. హోల్డ్ టైమ్ ఉల్లంఘన అని దీన్ని అంటారు. గడియారాన్ని ఎంత నెమ్మదిగా నడిపినా సర్దుకోని దోషం అది. కొందరు వోల్టేజీ తగ్గించి, రకరకాల కిటుకులతో తమ డిజైన్లను ఎలాగోలా లేపారు. ఇదే ఒక కంపెనీలో జరిగి ఉంటే నాలుగు గోడల మధ్య సమసిపోయేది. ఇక్కడ ఫైళ్లన్నీ బహిరంగంగా ఉండటంతో, తప్పు ఎక్కడ దొర్లింది, సమయాల లెక్కలో ఏది జారిపోయింది అన్నది ఎవరైనా చూడగలిగారు, చర్చించారు, తర్వాతి విడతల్లో దిద్దారు. వందల మందికి అది తెరిచి ఉంచిన పాఠం.

ఆ తర్వాత గ్లోబల్‌ఫౌండ్రీస్ 2022లో 180 నానోమీటర్ల పీడీకేను తెరిచింది. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ ద ఓడర్‌లో ఉన్న ప్రభుత్వ పరిశోధన సంస్థ ఐహెచ్‌పీ తన 130 నానోమీటర్ల పీడీకేను తెరిచింది. రేడియో తరంగాల సర్క్యూట్లకు అది పెట్టింది పేరు.

పది చదరపు మిల్లీమీటర్లు కూడా తొలిసారి గీసేవాడికి ఎక్కువే. 2022లో మాట్ వెన్ అనే ఇంజనీరు టైనీ టేపౌట్ మొదలుపెట్టి, ఆ జాగానే వందల ముక్కలు చేశాడు. పెద్ద భూమి కొనలేనివాళ్లకు లేఅవుట్ వేసి సెంటు, రెండు సెంట్లు అమ్మినట్టన్నమాట. ఇక్కడ ఒక ముక్క సుమారు 160 మైక్రోమీటర్ల పొడవు, 100 మైక్రోమీటర్ల వెడల్పు. లెక్క వేసి చూస్తే 200 మిల్లీమీటర్ల వేఫర్ వైశాల్యంలో ఇలాంటివి 19 లక్షలకు పైగా పడతాయి. ఒక ముక్కలో దాదాపు వెయ్యి గేట్లు పట్టవచ్చు. ట్రాఫిక్ లైటు నియంత్రణకో, ఒక చిన్న సంగీత వాద్యానికో, బుల్లి ప్రాసెసర్‌కో అది చాలు. వెరిలాగ్ రానివాళ్లు బ్రౌజర్లోనే గేట్లు లాగి అతికించుకోవచ్చు. ఫైలు పంపగానే లేఅవుట్ తనంతట తానే తయారై, తప్పొప్పుల జాబితా తిరిగొస్తుంది. చిప్, దాన్ని పరీక్షించే బోర్డు కలిపి ఖర్చు కొద్ది వందల డాలర్లలో తేలిపోతుంది.

మధ్యవర్తి మూతపడిన రోజు

2025 మార్చిలో ఈఫాబ్లెస్ మూతపడింది. పెట్టుబడి దొరకలేదని కంపెనీ చెప్పింది. గూగుల్ ఉచిత షటిళ్లు అప్పటికే ఆగిపోయాయి. టైనీ టేపౌట్‌లో డబ్బు కట్టి, చిప్‌ల కోసం ఎదురుచూస్తున్న వందల మంది గాలిలో వేలాడారు.

పీడీకే ఎక్కడికీ పోలేదు. ఓపెన్‌లేన్, ఓపెన్‌రోడ్, మ్యాజిక్ ఎవరి కంప్యూటర్లో వాళ్లకు భద్రంగా ఉన్నాయి. పోయింది, డిజైన్లను పోగేసి, ఫ్యాక్టరీతో మాట్లాడి, డబ్బు కట్టి, చిప్‌లు తెచ్చి పంచే మధ్యవర్తి. ఫైళ్లు తెరిచి ఉంచడం ఒక ఎత్తు, ఏడాదికి ఇన్నిసార్లు షటిల్ బయల్దేరుతుందని పూచీ ఇవ్వడం మరో ఎత్తు. మోసిస్ దశాబ్దాలు నిలిచిందంటే మొదట్లో దాని వెనక ప్రభుత్వ నిధి ఉండబట్టే. ఈఫాబ్లెస్ వెనక ఉన్నది పెట్టుబడిదారుల ఓపిక.

టైనీ టేపౌట్ జర్మనీ ఐహెచ్‌పీ వైపు తిరిగి మళ్లీ నిలదొక్కుకుంది. స్కైవాటర్ షటిళ్లను నడపడానికి చిప్‌ఫౌండ్రీ అనే కొత్త సంస్థ ముందుకొచ్చింది. ఫైళ్లు బహిరంగంగా ఉండబట్టే ఇంత త్వరగా మరో చెయ్యి అందుకోగలిగింది. అదే పాత పద్ధతిలో రహస్య ఒప్పందాల కింద ఉండి ఉంటే, కంపెనీతో పాటే అన్నీ తాళం వేసుకునేవి.

హైదరాబాద్‌లో ఒక వైచిత్రి

ప్రపంచంలోని చిప్ డిజైన్ ఇంజనీర్లలో అయిదో వంతు మంది భారతదేశంలో ఉన్నారని కేంద్ర ప్రభుత్వం చెబుతుంది. హైదరాబాద్‌లోనే క్వాల్‌కామ్, ఏఎండీ, ఎన్విడియా, ఇంటెల్, మైక్రాన్ డిజైన్ కేంద్రాలున్నాయి. ఇక్కడి నుంచి సొంత చిప్‌లు గీసిన సంస్థలూ లేకపోలేదు. 1999లో మొదలైన మాస్‌చిప్ అలాంటిదే. వెంకట్ మట్టెల స్థాపించిన రెడ్‌పైన్ సిగ్నల్స్ తక్కువ విద్యుత్తుతో నడిచే వైఫై చిప్‌లను హైదరాబాద్‌లో రూపొందించింది. దాని వైర్‌లెస్ వ్యాపారాన్ని 2020లో సిలికాన్ ల్యాబ్స్ 30 కోట్ల 80 లక్షల డాలర్లకు కొన్నది.

ఇంత పని జరిగే ఊళ్లోనూ, వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) చదివే చాలామంది ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రయోగాలు సిమ్యులేషన్ తెర మీదో, ఎఫ్‌పీజీఏ బోర్డు మీదో ముగుస్తాయి. సిమ్యులేషన్‌లో ప్రతి తీగా చెప్పినట్టు వింటుంది. సిలికాన్‌లో వేడి ఉంటుంది, రణగొణధ్వని ఉంటుంది, ఒక మూల నుంచి మరో మూలకు వోల్టేజీ పడిపోతుంది. కారవెల్ చట్రం నేర్పిన పాఠం లాంటిది తెర మీద దొరకదు.

మన దేశానికి ఈ రంగంలో తొలి అడుగులు కొత్త కావు. పంజాబ్ మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్‌లో 1984లోనే ఉత్పత్తి మొదలైంది. 1989 ఫిబ్రవరిలో అగ్నిప్రమాదం దాన్ని బూడిద చేసింది. మళ్లీ లేచి, సెమీకండక్టర్ ల్యాబొరేటరీగా 180 నానోమీటర్ల టెక్నాలజీతో ఇప్పుడు నడుస్తోంది. ఇస్రో రాకెట్ల కోసం రూపొందిన 32 బిట్ల విక్రమ్ ప్రాసెసర్ అక్కడే తయారై 2025 సెప్టెంబరులో దేశం ముందుకొచ్చింది. మద్రాస్ ఐఐటీలో వి. కామకోటి బృందం రిస్క్-ఫైవ్ మీద కట్టిన శక్తి ప్రాసెసర్లలో ఒకటి 2018లో అమెరికాలోని ఇంటెల్ ఫ్యాక్టరీలో 22 నానోమీటర్ల కొలతతో తయారైతే, మరొకటి అదే ఏడాది మొహాలీలో పుట్టింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డ్యాక్ వేగా పేరుతో మరో రిస్క్-ఫైవ్ కుటుంబాన్ని తెచ్చింది.

2021 డిసెంబరులో కేంద్రం 76 వేల కోట్ల రూపాయలతో సెమీకండక్టర్ పథకం ప్రకటించింది. వార్తల్లో ఎక్కువగా కనపడేది ఫ్యాక్టరీల శంకుస్థాపనలే. దానితో పాటు నడుస్తున్న చిప్స్ టు స్టార్టప్ కార్యక్రమం అంతగా వార్తలకెక్కదు. 85 వేల మంది ఇంజనీర్లకు శిక్షణ దాని లక్ష్యం. ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను బెంగళూరు సీ-డ్యాక్‌లోని చిప్‌ఇన్ కేంద్రంలో ఉంచి, దేశమంతటా కళాశాలలకు నెట్‌వర్క్ ద్వారా అందిస్తున్నారు. విద్యార్థులు గీసిన చిప్‌లు కొన్ని మొహాలీలో తయారయ్యాయి కూడా. మొదటి అడ్డంకిని దాటించే పని ఇది.

మాటలతో గీసిన ప్రాసెసర్

2023లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక విచిత్రమైన ప్రయోగం చేశారు. జీపీటీ-4 అనే కృత్రిమ మేధతో ఇంగ్లిష్‌లో సంభాషిస్తూ, ఒక 8 బిట్ల ప్రాసెసర్‌కు కావలసిన వెరిలాగ్ అంతా దానిచేతే రాయించారు. వెయ్యి గేట్ల పరిమితిలో ఒదిగిన ఆ డిజైన్‌ను టైనీ టేపౌట్ ద్వారా తయారీకి పంపారు. చిప్-చాట్ పేరిట వెలువడిన ఈ పరిశోధన బృందంలో ప్రొఫెసర్ రమేష్ కర్రి ఒకరు. విశాఖపట్నం ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో ఇంజనీరింగ్ చదివి, హార్డ్‌వేర్ భద్రత పరిశోధనలో పేరు తెచ్చుకున్నవారు.

దీన్ని చూసి ఇక ఇంజనీరు అక్కర్లేదని తేల్చేస్తే తొందరపాటే. ఆ సంభాషణ నడిపినవాళ్లు ఆరితేరిన హార్డ్‌వేర్ నిపుణులు. యంత్రం రాసినదాంట్లో ఏది తప్పో పసిగట్టి, ఎక్కడ సరిదిద్దమని అడగాలో వాళ్లకు తెలుసు. సాఫ్ట్‌వేర్లో తప్పు దొర్లితే రాత్రికి రాత్రి కొత్త కూర్పు పంపవచ్చు. చిప్‌లో దొర్లిన తప్పు రాయిలో చెక్కినట్టే. అందుకే కంపెనీల్లో డిజైన్ రాసేవాళ్ల కంటే దాన్ని పరీక్షించేవాళ్లే ఎక్కువమంది ఉంటారు. రాయడం తేలికయ్యేకొద్దీ తప్పు పట్టగలవాళ్ల గిరాకీ పెరుగుతుంది. తప్పు పట్టడం నేర్చుకోవాలంటే సొంత చిప్ ఒకటి చేతికొచ్చి, అది ఎందుకు పనిచేయలేదో తలబద్దలు కొట్టుకోవాలి.

చేయదగిన పనులు

మూడు నానోమీటర్ల ఫ్యాక్టరీ ప్రతి రాష్ట్రంలోనూ రాదు, రానక్కర్లేదు. కానీ 1979లో పన్నెండు విశ్వవిద్యాలయాలకు అందిన అవకాశం మన విద్యార్థులకు అందించడానికి కొత్తగా కనిపెట్టవలసింది ఏదీ మిగల్లేదు. మొహాలీ ల్యాబ్ 180 నానోమీటర్ల పీడీకే ఇప్పుడు సంస్థలతో ఒప్పందాల చట్రంలో అందుతోంది. స్కైవాటర్, ఐహెచ్‌పీ చేసినట్టు దాన్ని బహిరంగం చేస్తే, కడపలోనో, కరీంనగర్‌లోనో కూర్చున్న విద్యార్థి ఎవరి సంతకం కోసమూ ఆగనక్కర్లేదు. ఆ పీడీకే మీద ఏడాదికి ఇన్ని షటిళ్లు, ఫలానా తేదీలకు అని కేంద్రం ముందే ప్రకటించి, ఏ స్టార్టప్ బతికినా చితికినా ఆ తేదీలు తప్పకుండా చూడాలి. తెలుగు రాష్ట్రాల సాంకేతిక విశ్వవిద్యాలయాలు బీటెక్ చివరి ఏడాది ప్రాజెక్టుల్లో టేపౌట్‌ను ఒక ఐచ్ఛికంగా పెట్టి, ఒక్కో కళాశాలకు కొన్ని ముక్కల ఖర్చు భరిస్తే అది వాటి బడ్జెట్లో లెక్కలోకి వచ్చే మొత్తం కాదు. హైదరాబాద్ డిజైన్ కేంద్రాల్లో పనిచేస్తున్న ఇంజనీర్లు సెమిస్టరుకు నాలుగు శనివారాలు ఈ విద్యార్థుల లేఅవుట్లు సరిచూసి పెడితే, జీతమివ్వలేని కళాశాలలకు దొరకని గురువులు దొరుకుతారు.

ప్రభుత్వం కదిలేదాకా విద్యార్థి చేతులు కట్టుకుని కూర్చోవలసిన పని కూడా లేదు. మామూలు ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, కాస్త ఓపిక ఉంటే యోసిస్, ఓపెన్‌రోడ్, స్కైవాటర్ పీడీకే ఈ రాత్రికే దింపుకోవచ్చు. నాలుగు బిట్ల కౌంటరుతో మొదలుపెట్టండి. దాన్ని గేట్లుగా మార్చి, లేఅవుట్ చేయించి, మ్యాజిక్‌లో తెరిచి, ఏ గేటు ఎక్కడ కూర్చుందో, ఏ తీగ ఏ పొరలో నడిచిందో చూడండి. నలుగురు స్నేహితులు కలిసి ఖర్చు పంచుకుని తర్వాతి షటిల్‌లో ఒక ముక్క తీసుకోండి.